చెరువుకు నేనిచ్చిన పువ్వు

మా తమ్ముడి కూతురు భార్గవి మా ఇంటికి వస్తే చెప్పులు గుమ్మం బయట, చెరువు నీళ్ళ సీసాలు భోజనాల బల్ల మీద పెడుతుంది. నీళ్ళల్లో బతికే జీవుల గురించి బెంగళూరులో చదువుకుని, ఇప్పుడు కృష్ణగిరి జిల్లా చెరువులను సర్వే చేసే ఒక బృందంలో పని చేస్తోంది. హోసూరులో మా ఇల్లు ఆమెకు దారిలో మజిలీ. ప్రతి సీసా మీదా ఊరి పేరు రాసిన చీటీ అంటించి ఉంటుంది. ఒకదానిలో నీళ్ళు లేత పచ్చగా ఉంటాయి, ఇంకొకదానిలో డికాషన్ రంగులో ఉంటాయి. కెలవరపల్లి ఆనకట్ట దగ్గర ముంచిన సీసాను కాస్త కదిపితే చాలు, సబ్బు నురగ లాంటిది లేచి మూత దాకా వస్తుంది. నేను తాగేది మాత్రం క్యాను నీళ్ళు. ఆ బండి ఒక పూట ఆలస్యమైతే నేను పడే కంగారు చూసి, "చెరువు కట్ట కింద పుట్టినదానివి, క్యాను కోసం ఇంత కలవరిస్తావేందత్తా?" అని ఆమె నవ్వుతుంది.

మొన్న వచ్చినప్పుడు సంచిలోంచి సీసాలు కాక కాగితాలు తీసింది. అత్తిముగం పక్కన ఉన్న మా సొంత ఊరి చెరువు సర్వే పూర్తయిందట. కట్ట ఎక్కడ కుంగిందో, తూము ఎట్లా ఉందో, ఏ చేపలు మిగిలాయో, ఏ పిట్టలు వస్తున్నాయో అన్నీ రాసింది. ఒక్క గడి దగ్గర ఆగిపోయింది. చెరువులో సగానికి పైగా గుర్రపుడెక్క పరుచుకుంది. మా వైపు దాన్ని ఆకాశ తామర అని ముద్దుగా పిలుస్తారు. ఆ మొక్క మొట్టమొదట చెరువులోకి ఎట్లా వచ్చిందన్నది ఆ గడి.

"కొంగల మునెప్ప తాతను అడిగినాను. కొంగలు తెచ్చినాయంటాడు. ఊరంతా అదే చెప్తాండారు. అంత పెద్ద మొక్కను కొంగలు యాడ మోస్తాయత్తా? నువ్వు ఆడనే పెరిగినావు గదా, నీకేమన్నా తెలుసునా?" అంది.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. అబద్ధమాడిన పిల్లల చెవులు మెలిపెట్టినదాన్ని. కళ్ళద్దాలు సర్దుకుని, పాఠం చెప్పే గొంతుతోనే, "కొంగలే అయ్యుంటాయి. రాసుకో" అన్నాను. ఆమె రాసుకుంది. కింద, చెప్పినవారి పేరు అన్న చోట "కొంగల మునెప్ప" అని కూడా రాసింది. ఆ పేరు అచ్చు కాగితం మీద చూడగానే చేతిలోని కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

మునెప్పన్న మా ఊరి నీరుగంటి. చెరువు తూము తెరిచేది, మూసేది, ఎవరి మడికి ఎంత సేపు నీళ్ళు పారాలో చెప్పేది అతనే. వాళ్ళ నాయన నుంచి ఆ పని చేతికి వచ్చేనాటికి మునెప్పన్నకు మీసం సరిగ్గా మొలవలేదు. అయినా పెద్దవాళ్ళు కూడా నీళ్ళ విషయంలో అతని మాట దాటేవాళ్ళు కాదు. ప్రతి ఉదయం కట్ట మీద నడుచుకుంటూ వచ్చి, తూము దగ్గర దిగి, దోసిట నీళ్ళు తీసుకుని వాసన చూసేవాడు. మా ఇంట్లో పాలు పొంగే వేళకు అతను చెరువు వాసన చూస్తూ ఉండేవాడు. ఎందుకన్నా అని అడిగితే, "నీళ్ళకు ఒళ్ళు బాగా లేకపోతే ముందు వాసనే చెప్తాదమ్మా" అనేవాడు. భార్గవి దగ్గర దానికి ఇప్పుడు ఒక మిషన్ ఉంది. పెట్టెలో పెట్టుకుని, బిడ్డను మోసినట్టు మోసుకు తిరుగుతుంది.

తూముకు రాతి మెట్లుండేవి. ఎండాకాలంలో నీళ్ళు కింది నుంచి మూడో మెట్టుకు దిగిన రోజున మునెప్పన్న తూము రాతికి వేపకొమ్మ కట్టేవాడు. అది కట్టాక తూము ముందరి గుంతలో ఎవరూ వల వేయకూడదు, బర్రెను దింపకూడదు, గుడ్డ ఉతకకూడదు. చెరువంతా ఎండినా ఆ గుంతలో నీళ్ళుంటాయి. దానిలో మిగిలినవి తల్లి చేపలు. వాన పడితే అవే మళ్ళీ చెరువు నింపుతాయి. పక్కింటి కోళ్ళను మాయం చేసే మొనగాళ్ళు కూడా ఆ వేపకొమ్మను చూసి పక్కకు తొలగేవాళ్ళు. కొర్రమీను తన ఎర్రెర్రటి పిల్లల గుంపును కాచుకుంటూ తిరిగే రోజుల్లో దాని మీద రాయి వేసినవాళ్ళను మునెప్పన్న తిట్టే తిట్లు మా ఇంటి దాకా వినిపించేవి. మా అవ్వ నా చెవులు మూసేది, తను మాత్రం పూర్తిగా వినేది.

గుంత తప్ప మిగిలిన చెరువులో చేపలు పట్టే రోజొకటి ఉండేది. ఊరంతా గంపలతో బురదలో దిగేది. పట్టిన చేపలను ఇంటింటికీ వాటాలు వేసి పంచేవాళ్ళు. మా తాత పోయినప్పటి నుంచి అవ్వ చేపలు ముట్టదు. ముట్టదు గానీ ఆ రోజు వంటింటి గడప మీద పీట వేసుకుని కూర్చుని, మా అమ్మ ఏ ముక్క ఎట్లా కోయాలో చేతికర్రతో చూపించేది. పులుసు ఉడుకుతుంటే వాసన చూసి, "చింతపండు చాల్లేదు, ఇంకో రెండు మిరపకాయలు చీల్చి ఏయి" అనేది. వాసన చూస్తే వ్రతం చెడదని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. తాగే నీళ్ళు కూడా చెరువువే. చెరువు అంచున ఇసుకలో తీసిన చెలమలో ఊరిన నీళ్ళు ముంచుకొచ్చి, కుండ లోపల చిల్లగింజ అరగదీస్తే మధ్యాహ్నానికి మట్టి అడుక్కు చేరి నీళ్ళు తేటగా అయ్యేవి. సంగటి తిని ఆ నీళ్ళు తాగితే వాటికి తడి మట్టి రుచి ఉండేది. ఆ రుచి క్యానులో వెతికితే దొరకదు. ఆ నీళ్ళు తాగి మాకు వచ్చిన కడుపునొప్పుల సంగతి కూడా నేను మరిచిపోలేదు.

మా నాయన పూలు పండించేవాడు. చామంతులు, కనకాంబరాలు. ఎద్దులను తోలి బావి నీళ్ళు తోడే కపిల దగ్గరే ఆయన సగం జీవితం గడిచింది. వారానికొకసారి పూల గంపలతో లారీ ఎక్కి బెంగళూరు మార్కెట్టుకు పోయేవాడు. పోయి వచ్చిన ప్రతిసారీ ఆయనకు ఒక కొత్త ఆలోచన తగులుకునేది, జలుబులాగా. అది తగ్గే దాకా ఇంట్లో అందరం భరించాలి. అట్లా ఒక రోజు తడి గోనెసంచిలో ఒక మొక్కను చుట్టుకుని వచ్చాడు. దాని కాడలు ఉబ్బి బుడగల్లా ఉన్నాయి. మార్కెట్టులో ఎవరో ఊరికే ఇచ్చారట.

"నీళ్ళు కట్టేది లేదు, కలుపు తీసేది లేదు, ఎరువు ఏసేది లేదు. నీళ్ళల్లో పడేస్తే దాని పాటికదే పూస్తాదంట" అన్నాడు నాయన. కపిల తోలి తోలి అరిగిపోయిన మనిషికి ఆ మాట ఎంత తీయగా ఉండిందో ఇప్పుడు నాకు అర్థమవుతుంది.

అవ్వ మొక్కను కర్రతో కదిపి చూసింది. "అంత సుఖమైన మొక్కను ఊరికే ఇచ్చినాడంటే వాడు దాన్ని వదిలించుకున్నాడని అర్థంరా" అంది.

బర్రెలు నీళ్ళు తాగే రాతి తొట్టిలో వేశాము. కొద్ది రోజులకే పూసింది. లేత ఊదా రంగు, పై రేకు మీద నెమలికన్ను లాంటి మచ్చ, మచ్చ నడుమ పసుపు చుక్క. అంత అందమైన పువ్వును అప్పటికి నేను చూడలేదు. ఇంకో నెలకు తొట్టిలో నీళ్ళెక్కడున్నాయో బర్రెలకు తెలియకుండా పోయింది. నాయన పూలు కోసి, గంపకు తడిగుడ్డ కప్పి, కొత్త అల్లుడిలా తల దువ్వుకుని లారీ ఎక్కాడు. కోసిన గంటకే ఆ పువ్వు వాడిపోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. లారీ సరిహద్దు దగ్గరి జూజువాడి దాటే సరికి గంపలో పూలకు బదులు తడి గుడ్డపీలికల్లాంటివి ఉన్నాయట. ఆయన తిరిగి వచ్చి ఆ వ్యాపారం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మేము అడగలేదు. అవ్వ మాత్రం అన్నం పెడుతూ, "ఏమప్పా, పువ్వులన్నీ చెల్లిపోయినాయా?" అని ఎంతో ప్రేమగా అడిగింది.

మర్నాడు తొట్టి ఖాళీ చేయమని, మొక్కలను పెంటదిబ్బ మీద ఎండబెట్టమని అవ్వ నాకు చెప్పింది. నాకప్పుడు పదేళ్ళు. పూలున్న మొక్కలను ఎండలో వేసి చంపడానికి మనసు రాలేదు. నాయన పూలగంప నిండా వాటిని ఎత్తుకుని, బడికి పోయే ముందు కట్ట ఎక్కి, చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే మొరవ దగ్గర దిగి, ఒక్కొక్కటిగా నీళ్ళలో వదిలాను. అత్తవారింటికి పంపినట్టు, "పోయి బాగా బతకండి" అని కూడా అన్నాను. నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు నా జీవితంలో మరెవరూ లేరు.

వానలు పోయాక మునెప్పన్న వాటిని చూశాడు. అప్పటికి అక్కడక్కడ చాపల్లా అల్లుకున్నాయి. బడి నుంచి వస్తున్న నన్ను కట్ట మీద ఆపాడు.

"ఏమ్మా జయమ్మా, మీ రాతి తొట్టిలో ఇట్లాంటిదే ఉండె గదా?"

"మాది పెంటదిబ్బలో ఏసినాము. ఇది కొంగలు తెచ్చిండాయేమో అన్నా."

చెరువు అంచున నాలుగైదు తెల్ల కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. మునెప్పన్న వాటిని చాలాసేపు చూశాడు. "అదీ నిజమే అయ్యుంటాది" అన్నాడు. అతనికి చదువు రాదు. బడికి పోయే పిల్ల చెప్పిందంటే అది పుస్తకంలో ఉన్న మాటే అయ్యుంటుందని అతని నమ్మకం.

తరువాతి ఏడు చెరువు నిండింది గాని మళ్ళకు నీళ్ళు పారలేదు. తూము తెరిస్తే ఆకాశ తామర చాప మొత్తం వచ్చి తూము నోట్లో కూరుకుపోయింది. వరి వెన్ను తీసే సమయం. మునెప్పన్న కొడవలి నోట కరచుకుని మూడు రోజులు మునిగి తేలుతూ కోశాడు. నీళ్ళ అడుగున కాడలు చేతికి చుట్టుకుని ఒకసారి అతను పైకి రావడం ఆలస్యమైతే, కట్ట మీద ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. తూము తెరుచుకునే సరికి పల్లపు మళ్ళు ఎండిపోయాయి. పెద్దవాళ్ళందరూ కట్ట మీద చేరి అతన్ని నిలబెట్టి అడిగారు.

"నీరుగంటివి. చెరువులో ఏం మొలుస్తాందో చూసుకోవద్దా? యాడ్నించి వచ్చింది ఇది?"

"కొంగలు తెచ్చినాయప్పా. నేనేం చేసేది?"

అందరూ పగలబడి నవ్వారు. ఎండిన మడి మీది కోపమంతా ఆ నవ్వులో ఉంది. నేను నాయన చేయి పట్టుకుని అక్కడే ఉన్నాను. నాయన నా వైపు చూశాడు. తరువాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు. తరువాత ఉన్నట్టుండి గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు. అంత దగ్గు ఆయనకు అంతకు ముందూ లేదు, ఆ తరువాతా రాలేదు. ఆ ఏడు తూము పనిని ఇంకొకరికి ఇచ్చారు. మరుసటి ఏడు మళ్ళీ మునెప్పన్ననే పిలిచారు, ఎందుకంటే ఆ ఇంకొకరికి ఈత రాదు. కానీ "కొంగల మునెప్ప" అన్న పేరు మాత్రం ఉండిపోయింది. వాళ్ళ ఇల్లు కొంగలోళ్ళ ఇల్లయింది. ఆనాటి నుంచి అతను చెరువు మీద కొంగ వాలితే చాలు, మట్టిగడ్డ తీసుకుని విసిరేవాడు.

మేము తరువాత హోసూరు వచ్చేశాము. ఊరికి పోయినప్పుడల్లా చెరువు ఇంకాస్త పచ్చగా కనిపించేది. కొత్తవాళ్ళు బస్సులోంచి చూసి, ఎంత బాగుందో అనేవాళ్ళు. ఆకుల కింద ఎండ దిగదు, నీళ్ళకు ఊపిరాడదు, తెల్లవారితే చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి వస్తాయి. ఇవన్నీ నాకు భార్గవి చెప్పకముందే మునెప్పన్న చెప్పాడు. చెలమలు పోయాయి, బోర్లు వచ్చాయి. దోమలు మాత్రం అన్నిటికంటే సుఖంగా ఉన్నాయి. వెళ్ళిన ప్రతిసారీ అతనికి చెప్పేయాలనుకునేదాన్ని. ప్రతిసారీ అతను "టీచరమ్మ వచ్చింది" అని లేచి నిలబడేవాడు. ఆ మర్యాద పోతుందని భయం వేసి, పిల్లల చదువుల గురించి మాట్లాడి వచ్చేసేదాన్ని.

భార్గవి కాగితాలు తీసుకుని వెళ్ళిపోయిన మర్నాడు నేనే ఫోన్ చేశాను. "ఆ గడి కొట్టెయ్. కొంగలు కాదు, నేను" అన్నాను. అంతా చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది. ఆ తరువాత టీచరు గొంతు ఆమెకు వచ్చింది.

"నువ్వు ఇచ్చింది విత్తనమే అత్తా. దానికి ఎరువు ఏసింది ఊరంతా. పాలీహౌస్ రోజాలకు ఏసిన మందంతా వానకు చెరువులోకే వస్తాంది. ఇండ్ల కాలవలన్నీ ఆడికే తిప్పినారు. నీళ్ళు మంచిగా ఉంటే ఆ మొక్క ఇంతగా పెరగదు."

నాకు కాస్త ఊరట కలిగింది. నా నేరంలో ఇంతమంది వాటాదారులున్నారని తెలిసి కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. ఆమె అంతటితో వదల్లేదు. "కానీ ఈ మాట నాకు కాదు, ఆయనకు చెప్పల్ల. ఆదివారం ఇంటికొక మనిషి పెట్టి పీకిస్తాండాము. జేసీబీ పెట్టి గీకేద్దామన్నారు గానీ, తూము గుంతలో తల్లి చేపలుండాయని తాత ఒప్పుకోలేదు. నువ్వు రా" అంది.

ఆదివారం పొద్దున పోయాను. చెరువు బాగా దిగి ఉంది. మోకాలి లోతు నీళ్ళలో యాభై మంది దాకా మొక్కలు పీకి గంపలకెత్తుతున్నారు. కొట్టుకుపోయి మళ్ళీ చెరువులో పడకుండా కట్టకు అవతల దూరంగా పోస్తున్నారు. కట్ట మీద కానుగ చెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మునెప్పన్న కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి. మోకాళ్ళు పోయాయి, గొంతు పోలేదు. నన్ను చూసి లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టి, పక్కన రాయి మీద కూర్చున్నాను.

"మునెప్పన్నా, ఈ మొక్కను కొంగలు తేలేదు. నేనే ఏసినాను. మా రాతి తొట్టిలోది. పూలగంపలో తెచ్చి మొరవ కాడ ఏసినాను. నీకు అబద్ధం చెప్పినాను."

అతను నా వైపు తిరగలేదు. నీళ్ళ వైపే చూస్తున్నాడు.

"గంప నిండానా?"

"నిండానే అన్నా."

"మీ నాయనకు తెలుసునా?"

"తెలుసనుకుంటా."

"అందుకేనా ఆ పొద్దు అంతగా దగ్గినాడు" అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఇన్నేండ్లు కొంగల్ని తరుముతా ఉండాను గదమ్మా. నోరులేని వాటిని. నువ్వు సదువుకున్న పిల్లవని నమ్మితి" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అరవై ఐదేళ్ళ దాన్ని, కట్ట మీద అందరి ముందూ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాను. అతను ఓదార్చలేదు, అది న్యాయమే. భార్గవి అట్టకు పెట్టిన కాగితాలతో వచ్చి, "కొంగల" అన్న మాట కొట్టేసి "మునెప్ప, నీరుగంటి" అని రాసి అతనికి చదివి వినిపించింది. పై గడి చూపించి, "నీ పేరు రాసేదా అత్తా?" అంది. ఇంటిపేరుతో సహా రాయమన్నాను.

మునెప్పన్న అప్పుడు నా వైపు తిరిగాడు. "మీ ఇంటినించి ఈ పొద్దు ఎవురొచ్చినారు పీకేదానికి?"

"మేము హోసూరులో ఉండాము గదన్నా."

"పువ్వు ఈడనే ఉండాది గదా" అన్నాడు. తరువాత చేత్తో నీళ్ళు చూపించి, "దిగు" అన్నాడు.

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని దిగాను. బురద చల్లగా కాలి వేళ్ళ మధ్యకు వచ్చింది. మొక్క చూడడానికి తేలికే గాని వేళ్ళతో సహా ఎత్తితే నీళ్ళు నిండిన బిందె బరువుంది. నల్లటి వేళ్ళ నిండా పురుగులు, బుల్లి నత్తలు, ఒకచోట వేలెడంత కొర్రమీను పిల్ల. దాన్ని నీళ్ళలో వదిలాను. నాలుగు మొక్కలు పీకేసరికి నడుము పట్టేసింది. పీకిన చోట నీళ్ళు తెరుచుకుని ఆకాశం కనిపించింది. ఆ పురుగుల కోసం మా వెనకే కొంగలు వాలాయి. పదో పన్నెండో ఉంటాయి. మనుషులకు కాస్త దూరంగా, తెల్లగా, ఏమీ ఎరగనట్టు అడుగులేస్తున్నాయి.

కట్ట మీద మునెప్పన్న అలవాటుగా వంగి మట్టిగడ్డ తీసుకోవడం చూశాను. చేయి ఎత్తాడు. ఎత్తిన చేయి అట్లాగే ఆగిపోయింది. ఒకసారి కొంగలను చూశాడు. ఆ తరువాత నన్ను వెతుక్కుని, గురి చూసి, గడ్డను నా వైపు విసిరాడు. అది నా పక్కనే నీళ్ళలో పడి బురద నా ముఖం దాకా చిమ్మింది. కొంగలు ఒక్కటి కూడా ఎగరలేదు. నేను కొంగుతో ముఖం తుడుచుకుని, వంగి, ఇంకో మొక్కను వేళ్ళతో సహా పట్టుకున్నాను.